చింతపండుతో తోమిన బ్యాటరీలు

కామాక్షమ్మ చనిపోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేనెవరిని అంటే, రెండేళ్ళపాటు వాళ్ళింటి వసారా గదిలో అద్దెకున్నవాడిని, అంతే. అయినా ఒక కార్డు ముక్క రాసి ఉండవచ్చు. మా ఊళ్ళో కుళాయికి నీళ్ళు రావడం లేదని నాలుగో అర్జీ ఇవ్వడానికి ఆ రోజు కర్నూలు వెళ్ళాను. మొదటి మూడు అర్జీలు ఏమయ్యాయని అడిగితే, అక్కడ కుర్చీలో ఉన్నాయన మధ్యాహ్నం రమ్మన్నాడు. కూర్చోమని మాత్రం అనలేదు. ఆ ఎండలో ఎక్కడికి పోవాలో తోచక, అరవై ఏళ్ళుగా కావాలనే తప్పించుకు తిరిగిన సందులోకి నడిచాను. ఇల్లు అక్కడే ఉంది. నా గది గోడ కొట్టేసి స్కూటర్లు నిలుపుకునే చోటు చేసుకున్నారు. తలుపు తెరిచే ఉండడంతో హాల్లో గోడకు వేలాడుతున్న ఫోటో, దానికి వేసిన దండ వీధిలోకే కనిపించాయి. నన్ను చూసి ఒక ముసలామె బయటికి వచ్చి ఎవరు కావాలని అడిగింది. ఆలూరు దానియేలునని చెప్పాను. కళ్ళద్దాలు పైకి తోసి చూసి, "పడవ దానేలా?" అంది. ఆమె కామాక్షమ్మ కూతురు వసంత. నేనక్కడ ఉన్నప్పుడు ఆమెకు పదేళ్ళు. "అట్ల నిలబడినావేమన్నా, లోపలికి రా" అంది. ఆ ఇంట్లో ఆ మాట నాతో అనడం అదే మొదటిసారి.

లోపలికి వెళ్ళాను, కూర్చున్నాను. వసంత ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు చెప్పలేక లేచి వచ్చేశాను. ఆ ప్రశ్న ఏమిటో తర్వాత రాస్తాను. ముందు నా వైపు జరిగింది చెప్పాలి, ఎందుకంటే నా వైపు సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ ఇంట్లో నాకు గది దొరకడానికి నా మంచితనమో, వాళ్ళ మంచితనమో కారణం కాదు. కర్నూలు రాజధానిగా ఉన్నన్నాళ్ళూ గుడారాల్లో సైతం కాపురాలుండేవి. పశువుల కొట్టాలకు సున్నం కొట్టి అద్దెకిచ్చారు. రాజధాని హైదరాబాదుకు తరలిపోగానే ఊరంతా ఖాళీ అయిపోయి, ప్రతి రెండో ఇంటికీ అద్దె బోర్డు వేలాడింది. అప్పటిదాకా మా పేరు వినగానే "మాట్లాడి చెప్తాంలే" అని తలుపు వేసుకున్నవాళ్ళు కూడా కొంచెం మెత్తబడ్డారు. కామాక్షమ్మ భర్త శేషయ్య గారు కోర్టులో గుమాస్తా. ఆయన నా పేరు రెండుసార్లు అడిగి, మా నాన్న ఏం చేస్తాడని అడిగి, మెట్ట సేద్యమూ చర్చిలో గంట కొట్టే పనీ అని చెబితే కాసేపు ఆలోచించి, "వసారా గది కదా, ఫరవాలేదులే" అన్నాడు. ఆ 'ఫరవాలేదు' నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. రాజధాని పోకపోతే నేను ఆ గడప దగ్గర నిలబడే వాడినే కాదు.

ఆ ఇంటి పద్ధతులు నాకు ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాను. పొద్దున్నే కామాక్షమ్మ కుళాయి దగ్గర బండమీద ఇత్తడి సామాను తోమేది. చింతపండు పిప్పి, కాస్త ఉప్పు, పీచు. రాతిమీద ఆ పులుపు నీళ్ళు ఎండి ఒకరకమైన వాసన వచ్చేది. దాని వెనకే కాఫీ గింజలు వేయించే వాసన. మొదటి నెలలో అవి రెండూ కలిసి నాకు ఎంత ఆకలి పుట్టించేవో చెప్పలేను. వారానికి రెండుసార్లు నాకు కూడా ఒక గ్లాసు కాఫీ వచ్చేది. తాగిన గ్లాసును నేనే ఆ బండ దగ్గరికి తీసుకుపోయి, చింతపండుతో తోమి, బోర్లించి, పక్కకు జరగాలి. అప్పుడామె చెంబుతో పైనుంచి నీళ్ళు పోసి, ఆ తర్వాతే చేత్తో తీసుకునేది. చింతపండు ఆమె చేతిలోంచి జానెడు ఎత్తున నా అరచేతిలో పడేది. తాగడానికి నీళ్ళు అడిగితే వసంత తెచ్చి దోసిట్లో పోసేది. తుంగభద్ర నుంచి తెప్పించి వంటింట్లో రాగి బిందెలో విడిగా పెట్టుకునే మడినీళ్ళు మాత్రం వేరు. వాటిని నేను చూడటం కూడా ఆమెకు ఇష్టం ఉండేది కాదు. బిందె లోపలికి పోయేటప్పుడు నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవాడిని.

ఇంకోవైపు సంగతి కూడా రాయాలి. నాకు చలిజ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు ఆమె గంజి కాచి పంపింది. "తల్లి దగ్గర లేని పిల్లోడు" అని శేషయ్య గారితో గట్టిగా అనడం విన్నాను. ఆ గంజి గ్లాసులు కూడా జ్వరంతో నేనే తోముకున్నాను. ఆ రెండింటినీ కలిపి ఒక లెక్కకు తేవడం నాకు అప్పుడు చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు.

కాలేజీలో రెండో ఏడాది సైన్సు ఎగ్జిబిషను పెడుతున్నారని తెలిసింది. మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి చూస్తాడని, బాగా చేసినవాళ్ళలో ఒకరిని అక్కడ వైర్‌లెస్ ట్రైనింగుకు తీసుకుంటారని ఫిజిక్సు లెక్చరర్ చెప్పాడు. మా ఊళ్ళో ఆ ఏడు కూడా కొర్ర ఎండిపోయింది. నేను వెనక్కి వస్తే చేయడానికి ఎండిన చేనే ఉంది. ఇది తప్ప నాకు ఇంకో దారి లేదని ఆ రోజే అర్థమైంది, అందుకే దీన్ని అంత గట్టిగా పట్టుకున్నాను. గాలిలో సంకేతం పంపి నీళ్ళమీద పడవను తిప్పుతానని పేరు ఇచ్చాను. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో పేర్లు చెప్పగలను.

పడవ బూరుగు చెక్కతో నేనే చెక్కాను. పాతబస్తీలో రేడియోలు బాగుచేసే కరీం సాబు దగ్గర ఆదివారాలు పనిచేసేవాడిని. యుద్ధం అయిపోయాక మద్రాసులో తూకానికి అమ్మిన మిలిటరీ సామాను ఆయన దగ్గర ఒక గోనెడు ఉండేది. వాల్వులు, తీగ చుట్టలు, ఒక వైబ్రేటరు అన్నీ అందులోంచే ఏరుకున్నాను. వైబ్రేటరు అంటే ఆరు వోల్టుల కరెంటును తొంభై వోల్టులకు పెంచే డబ్బీ, కందిరీగ మాదిరి గుయ్‌మంటూ ఉండేది. గాలిలో సంకేతాలు పంపడానికి కావలసిన అనుమతి కాగితం లెక్చరర్ తెప్పించాడు. పెట్టెమీద మీట నొక్కితే పడవ కుడికి తిరగాలి, వదిలితే ఎడమకు. అంతే దాని విద్య. పడవలో టార్చిలైటు సెల్లు సరిపోయేవి. చిక్కంతా నా చేతిలోని పెట్టెకు ఏ బ్యాటరీ పెట్టాలన్నదే.

డ్రై బ్యాటరీ ఒక దారి. పల్లెల్లో పంచాయతీ రేడియోలకు పెట్టే అట్టపెట్టె అంత బ్యాటరీ. అది కర్నూలు అంగట్లో ఎండకు ఎండి, మన చేతికొచ్చేసరికే సగం చచ్చి ఉండేది. అయిపోతే పారేయడమే, మళ్ళీ కొనాలి. నేను చేసి చూసి, తప్పులు దిద్దుకుని, మళ్ళీ చేయవలసినవాడిని. అయిపోతుందన్న భయంతో మీట నొక్కడానికి వెనకాడితే ఎట్లా నేర్చుకుంటాను? రెండోది లారీల్లో ఉండే సీసం బ్యాటరీ. ఎన్నిసార్లైనా చార్జింగు చేసుకోవచ్చు. కరీం సాబు దానివైపే ఉన్నాడు. కానీ దానికి యాసిడ్, స్వచ్ఛమైన నీళ్ళు కావాలి. లారీ షెడ్లవాళ్ళు వాననీళ్ళు పట్టి సీసాల్లో దాచుకునేవాళ్ళు. ఆ ఏడు వానేది? నెల రోజులు వాడకుండా పెడితే పలకలు తెల్లబడి పాడైపోతుంది, పరీక్షలప్పుడు నేను తప్పకుండా మరిచిపోతాను.

మూడోది మా యోహాను మామ చూపించాడు. మా అమ్మ తమ్ముడు, గుంతకల్లులో రైలు పెట్టెల దీపాల పని. రైళ్ళ కింద తనిఖీ చేసేవాళ్ళ చేతిదీపాల్లో వాడిన ఇనుప సెల్లు వేలానికి వస్తే అయిదు కొని, గోనెసంచిలో కట్టి నా కోసం మోసుకొచ్చాడు. సగం ఇటుకంత ఒక్కొక్కటి, పైన మూత. లోపల యాసిడ్ కాదు, కాస్టిక్ పొటాషు అనే క్షారం కరిగించిన నీళ్ళు. చర్చి మెట్లమీద కూర్చుని వాటిని వరసగా పెట్టి చూపించాడు.

"ఇవి సావవురా అల్లుడా" అన్నాడు. "కిందపడేసినా సావవు. ఆర్నెల్లు మరిచిపోయినా సావవు. మళ్ళీ కరెంటు ఎక్కిస్తే లేచి కూచుంటాయి. సీసం బ్యాటరీ అట్ల కాదు, అది పట్నపోళ్ళ బిడ్డ. రోజూ సూసుకోవాల."

"కరీం సాబు సీసమే మంచిదంటాండాడు మామా."

"ఆయప్పకు ఆదాయం ఉండాది అందులో. ఒకటే గుర్తు పెట్టుకో. సీసందానికి వాడిన గరాటు దీనికి వాడొద్దు. పుల్లటిది ఒక్క చుక్క పడినా దీని పని అయిపోయె. ఇంక ఆ నీళ్ళు చేతిమీద పడనీకు. జారుడుగా సబ్బు మాదిరి ఉంటాది, హాయిగా ఉందే అనుకుంటాండంగానే తోలు ఊడొస్తాది."

కరీం సాబుకు వాటిని చూపిస్తే పెదవి విరిచాడు. "ఏమప్పా దానేలూ, పడవ నడుపుతాండావా, రైలింజను నడుపుతాండావా? బండలు మోసుకొస్తివి." అయినా సెల్లను తిప్పి చూసి, దుమ్ము తుడిచి, అన్నీ బతికే ఉన్నాయని ఒప్పుకున్నాడు. నా కోసం ఒక చార్జరు పెట్టె కూడా కట్టాడు. అయిదూ కలిపితే ఆరు వోల్టులు. వైబ్రేటరుకు అంతే కావాలి.

లెక్చరర్‌కు ఈ ఎంపిక నచ్చలేదు. క్లాసులో అందరిముందూ, "ఆ పాత ఇనుము ఎందుకయ్యా? డ్రై బ్యాటరీ కాలేజీయే తెప్పిస్తుంది. మీవాళ్ళకు గవర్నమెంటు అన్నీ ఊరికే ఇస్తుంది కదా, ఇదీ తీసుకో" అన్నాడు. మేము క్రైస్తవులం కాబట్టి అలాంటి సాయం ఏదీ నాకు రాలేదని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆ మాట అనకపోతే ఒక డ్రై బ్యాటరీ తీసుకుని పక్కన పెట్టుకునేవాడినేమో. అన్నాడు కాబట్టి వద్దన్నాను. మొండితనం అంటే అనవచ్చు. నా దృష్టిలో ఇప్పటికీ అది సరైన ఎంపికే. నెలన్నర రోజులు ఆ సెల్లు నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు. కాలువలో నీళ్ళు తగ్గిన ఒక ఆదివారం పొద్దున పడవను వదిలాను. మీట నొక్కితే కుడికి, వదిలితే ఎడమకు. అవతలి గట్టున బట్టలుతికే ఆమె చేయి ఆపి, "దారం యాడుండాదప్పా దానికి?" అని అడిగింది. దారం లేదని చెప్పినా నమ్మలేదు. పడవ చుట్టూ నీళ్ళలో చేయిపెట్టి వెతికింది. నా జీవితంలో నేను చేసిన పనిని అంత శ్రద్ధగా పరీక్షించినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఎగ్జిబిషనుకు ముందురోజు, నేను సెల్లకు కరెంటు ఎక్కించుకునే కరీం సాబు దుకాణం మూసి ఉంది. ఆయన చెల్లెలి నిఖా అని ఇంటిల్లిపాదీ కడప పోయారు. చార్జరు పెట్టె నా దగ్గరే ఉంది కానీ నా గదిలో బల్బు తప్ప ప్లగ్గు లేదు. ప్లగ్గు వాళ్ళ హాల్లో ఉంది, రేడియో పక్కన. కోర్టుకు పోబోతున్న శేషయ్య గారిని అడిగాను. ఆయన లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి, "గడప మీద పెట్టిపో. నేను వచ్చినాక తగిలిస్తాను. ఆమెతో మాట్లాడినాలే" అన్నాడు. ఎర్ర తీగ ఏదో నల్ల తీగ ఏదో చూపించాను. సెల్లను నిలువుగానే పట్టుకోమన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. కాలేజీ తోటలో ఇటుకల తొట్టి కట్టిస్తున్నారు, అక్కడ పడవ తూకం సరిచూసుకోవాలి. వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున గడప మీద నా సెల్లు వరసగా కూర్చుని ఉన్నాయి. మెరిసిపోతున్నాయి. రైల్వేలో ఎన్నేళ్ళు నలిగినవో, వాటిమీద అంత వెలుగు ఉందని నాకే తెలియదు. మూతల చుట్టూ ఎప్పుడూ పేరుకునే తెల్లటి పొడి లేదు. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. చింతపండు వాసన వచ్చింది.

కామాక్షమ్మ లోపల తలుపు పక్కన నిలబడి ఉంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది. "నీకు తీరిక లేదని నేనే తోమినానప్పా" అంది. ఆమె గొంతులో నేను ఎప్పుడూ వినని ఒక మెత్తదనం ఉంది. "లోపలికి తేవాల కదా మరి, తోమకుండా ఎట్ల? లోపల నీళ్ళు పాచిపట్టి జిగటగా ఉండె. పారబోసి, లోపల కూడా చింతపండు పులుసుతో కడిగి మంచినీళ్ళు పోసినా. బిందెలో నీళ్ళే పోసినా."

నేను అడిగాను. "మడినీళ్ళా?"

"మడినీళ్ళే. పరీక్ష కదా నీకు."

ఎప్పుడూ నా చేత తోమించే మనిషి మొదటిసారి నా పని తన చేతులతో చేసింది. ఎందుకు చేసిందంటే అవి నేను ముట్టుకున్నవి కాబట్టి, ముట్టుకున్నవి లోపలికి రాకూడదు కాబట్టి. నాకు దోసిట్లో కూడా పోయని నీళ్ళను నా బ్యాటరీలకు పోసింది. ఇది అవమానమా, ఆప్యాయతా? ఆ గడప ముందు నిలబడి కోపం తెచ్చుకోవడానికి ఒక చోటు వెతుకుతున్నాను, దొరకడం లేదు. ఆమె కొంగులో చుట్టుకున్న చేతుల వైపు చూశాను. వెన్న రాసుకున్న వాసన కూడా వచ్చింది. చూసి, తల తిప్పుకుని, సెల్లను గోనెసంచిలో వేసుకుని వచ్చేశాను.

టార్చి బల్బు తగిలించి చూస్తే మిణుగురు పురుగు మాదిరి మినుకుమని ఆరిపోయింది. కాలేజీకి పరుగెత్తి కెమిస్ట్రీ ల్యాబు అటెండరును కాస్టిక్ పొటాషు అడిగాను. "మీ ఫిజిక్సు పెద్దసారు చీటీ తెచ్చినావా?" అన్నాడు. చీటీ కోసం పోతే లెక్చరర్ మద్రాసు ఇంజనీరును తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళాడు. మళ్ళీ అటెండరు దగ్గరికి వచ్చి బతిమాలాను. "నీకిచ్చి నేను ఉద్యోగం పోగొట్టుకోవాల్నా?" అని తలుపు వేశాడు. అయినా ఇచ్చి ఉంటే మాత్రం ఏమయ్యేది? పులుపూ ఉప్పూ సెల్లు లోపలి ఇనుప పలకల్లోకి దిగిపోయాయి. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ పరుగెత్తాను.

తొట్టి చుట్టూ జనం. ముందు వరసలో ఆడవాళ్ళకు బెంచీలు వేశారు. అక్కడ వసంతతో కలిసి కామాక్షమ్మ కూర్చుని ఉంది. పక్కన శేషయ్య గారు కోర్టు కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. వాళ్ళింట్లో అద్దెకుండే పిల్లవాడి పడవ చూడటానికి వచ్చారు. వైబ్రేటరు ఒక్కసారి గుయ్‌మని ఆగిపోయింది. పడవలో మోటారు వేరే సెల్లమీద ఉంది కాబట్టి అది మాత్రం నడిచింది. మీట నొక్కాను, నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను. పడవ ఎడమకే తిరిగి పోయి తొట్టి గోడకు ముక్కు ఆనించి, ఇటుకను తోస్తూ అక్కడే ఉండిపోయింది. ఎవరూ పోయి దాన్ని తీయలేదు. మోటారు సెల్లు అయిపోయేదాకా అది గోడను తోస్తూనే ఉంది. నవ్వినవాళ్ళు ఈసారి కూడా వాళ్ళే.

మద్రాసు ఇంజనీరు పెద్దమనిషి, నవ్వలేదు. నా పెట్టె తెరిపించి, తీగలు చూసి, "పని శుభ్రంగా చేశావు. బ్యాటరీలకేమైంది?" అని అడిగాడు. నాకంటే ముందే లెక్చరర్ అందుకుని, "ఈ పాత ఇనుప సెల్లు వద్దని మొదటే చెప్పాను సార్, వినలేదు" అన్నాడు. ఇంజనీరు ఒక సెల్లు మూత తెరిచి, పుల్ల ముంచి, వాసన చూశాడు. ఆశ్చర్యంగా నా ముఖం చూశాడు.

"ఇది క్షారం కాదే. ఇందులో ఏం పోశావు?"

"నీళ్ళు సార్."

"ఎవరు పోశారు?"

ఒక్క వాక్యం చెబితే చాలు. నా ఎంపిక తప్పు కాదు, నెలన్నర రోజులు పనిచేసిన సెల్లివి, నేను ముట్టుకున్నవని నిన్న చింతపండుతో కడిగారు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. చెబితే ఆయన నమ్మేవాడు. బహుశా ఇంకో అవకాశం ఇచ్చేవాడు. కానీ ఆ వాక్యం చెప్పాలంటే నేను ఎక్కడ కాఫీ తాగుతానో, గ్లాసు ఎవరు తోముతారో, నీళ్ళు ఎట్లా పోస్తారో ఆ తొట్టి చుట్టూ ఉన్నవాళ్ళందరి ముందూ నా నోటితో నేనే చెప్పాలి. వాళ్ళకు తెలియదని కాదు. తెలిసిన విషయమే. కానీ నేను చెప్పనంతవరకూ నేను కూడా వాళ్ళలాగే ఒక విద్యార్థిని. కామాక్షమ్మ పరువు కాపాడటానికి ఊరుకున్నానని ఎవరైనా అనుకుంటే అది తప్పు. నా పరువు కోసమే ఊరుకున్నాను.

"నేనే పోశాను సార్" అన్నాను.

ఆయన తల పంకించి, కాగితం మీద ఏదో రాసుకుని పక్క టేబులుకు పోయాడు. సబ్బు తయారుచేసే పద్ధతి చూపించిన కుర్రవాడిని మద్రాసు పంపించారు. మా లెక్చరర్ రిజిస్టరులో నా పేరు ఎదురుగా 'బ్యాటరీల ఎంపిక సరిగా లేదు' అని ఇంగ్లీషులో రాశాడు. నాకు చూపించి మరీ సంతకం పెట్టించాడు. ఆ తర్వాత ఏముంది, బడిపంతులు పని దొరికింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆలూరు చుట్టుపక్కల బళ్ళలో పిల్లలకు బ్యాటరీ బొమ్మ నల్లబల్ల మీద గీసి చూపించాను. చాలా బళ్ళల్లో కరెంటు కూడా లేదు. ఆ ఒక్క రోజు నోరు మూసుకున్నందుకేమో, ఆ తర్వాత ఏ విషయానికీ నోరు మూసుకోలేదు. జీతం ఆలస్యానికి, బదిలీకి, బస్సు ఆగనందుకు, అన్నిటికీ అర్జీలు రాశాను. అర్జీల పంతులని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాడెవడో కూడా నాకు తెలుసు.

ఎగ్జిబిషను తర్వాత వారం రోజులకే ఆ గది ఖాళీ చేశాను. ఆ వారంలో కామాక్షమ్మ ఒక్కసారి కూడా బండ దగ్గరికి రాలేదు. సామాను శేషయ్య గారే తోముకోవడం చూశాను. ఎందుకని అడగలేదు. వెళ్ళేటప్పుడు ఆమె తలుపు దాకా వచ్చి, "పోయొస్తావా అప్పా" అంది. నేను శేషయ్య గారి వైపు తిరిగి, పోతున్నానని చెప్పాను. నా మద్రాసు పోయింది, నా ఎంపిక తప్పని రాసేశారు, ఆమె చేతుల సంగతి నేనెందుకు అడగాలి? అప్పుడు నాకది న్యాయంగానే తోచింది.

ఈ మధ్య నా మనవడు ఎగిరే బొమ్మ ఒకటి కొనుక్కుని, దాన్ని నడిపే పెట్టెకు ఏ సెల్లు మంచివని అడిగాడు. మళ్ళీ మళ్ళీ చార్జింగు చేసుకునేవే తీసుకో అన్నాను. ఎందుకో చెప్పబోయాను. వాడు అప్పటికే ఫోనులో తెప్పించేసుకున్నాడు. వక్క పలుకంత సెల్లు. పోయడానికి నీళ్ళు లేవు, తీయడానికి మూత లేదు. ఎవరు ముట్టుకున్నా దానికి తెలియదు. నేను మోసిన బరువుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదని దాన్ని చేతిలో పట్టుకుని అనుకున్నాను. కాలం మారిందని అందరూ అంటారు. మారింది నిజమే. మారకముందు పోయినవి ఎక్కడా తిరిగి రాలేదు.

వసంత ఆ రోజు నా ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుని, తల్లి ఫోటో వైపు చూస్తూ మెల్లగా మొదలుపెట్టింది. "నువ్వొచ్చింది మంచిదాయె. శానా ఏండ్లుగా అడగాలనుకుంటాండా. నీ సామాను తోమినాక మా అమ్మ చేతులు తోలు ఊడిపోయినాయి. రెండు నెలలు అన్నం కలుపుకోలేకపాయె. నాయనే తినిపిస్తాండె. వేళ్ళు మళ్ళీ ఎప్పుడూ పూర్తిగా ముడుచుకోలేదు. పోయేదాకా ఒకటే అంటాండె. 'అందులో కాల్చే నీళ్ళుండాయని ఆ పిల్లోడు ఒక్క మాట చెప్పింటే ఏం పోయె? మనమంటే గిట్టకనే చెప్పలేదు' అని. ఒక్క మాటన్నా, ఎందుకు చెప్పలేదు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను గోడవైపు చూశాను. ఆ నీళ్ళ సంగతి చెప్పవలసిన వాళ్ళందరికీ చెప్పాను. కరీం సాబుకు చెప్పాను. సంచి ఎత్తిన జట్కావాడికి చెప్పాను. కాలేజీ తోటమాలికి కూడా చెప్పాను. కాలువ గట్టున బట్టలుతికే ఆమె పెట్టె దగ్గరికి వస్తే, వద్దమ్మా చేయి కాలుతుందని దూరంగా నిలబెట్టాను. వాళ్ళందరూ నా వస్తువును ముట్టుకునేవాళ్ళు. కామాక్షమ్మకు మాత్రం చెప్పలేదు. గిట్టక కాదు, మరిచిపోయీ కాదు. ఆ ఇంట్లో రెండేళ్ళు ఉన్నాను కాబట్టి, నాది ఏదైనా ఆమె తన చేతులతో ముట్టుకుంటుందని నాకు తోచనే లేదు. వసంతకు చెప్పడానికి నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. తల్లి ఫోటో కింద కూర్చుని ఉన్న మనిషితో అది అనలేక, లేచి చెప్పులు వేసుకున్నాను.